పెరటి పిట్టకు గుక్కెడు నీళ్లు

మర్రిగూడ పేరులోనే మర్రి ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో మర్రి పేరో, రావి పేరో, వేప పేరో పెట్టుకున్న పల్లెలకు కొదవలేదు. అయితే మర్రిచెట్టును మనిషి నాటింది తక్కువ, పిట్ట నాటింది ఎక్కువ. ఎర్రగా పండిన మర్రిపండును గోరింకో, కాకో, పచ్చపావురమో తింటుంది. ఏ తాటిచెట్టు మట్టల సందులోనో, ఏ పాత బురుజు పగులులోనో రెట్ట వేస్తుంది. ఆవగింజకన్నా చిన్నదైన ఆ విత్తు అక్కడే వేరు పట్టి, గోడను చీల్చుకుని చెట్టవుతుంది. ఆ నీడ చూసి మనుషులు గూడు కట్టుకుంటారు, పశువులను కట్టేస్తారు, పంచాయితీ పెడతారు.

మహబూబ్‌నగర్ పట్టణం దగ్గరి పిల్లలమర్రిని చూసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ చెట్టు ఊడలు దించుకుంటూ మూడెకరాలకు పైగా పరుచుకుంది. అక్కడే ఒక వలీ సమాధి కూడా ఉంది. 2017 డిసెంబరులో ఓ పెద్ద కొమ్మ విరిగిపడితే, చెట్టును చెదలు తినేస్తున్నాయని తేలింది. 2018లో అటవీ అధికారులు ఆస్పత్రి రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో చెట్టుకు మందు ఎక్కించారు. ఆ వార్త అప్పట్లో దేశమంతా తిరిగింది. ఒక చెట్టు కోసం ఇంత తాపత్రయమా అని నవ్వినవారూ ఉన్నారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధన తెలిసినవారు మాత్రం నవ్వరు. ఒక ముస్లిం చెట్టు నాటినా, పైరు వేసినా, దాని నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నదంతా అతని ఖాతాలో సదకాగా రాయబడుతుందని ఆయన శుభవార్త ఇచ్చారు. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇందులో ఒక మాటను మనం చదివి దాటేస్తుంటాం. జామపండును పిట్ట పొడిచేస్తే అది నష్టం కాదు, సదకా అంటున్నారు ప్రవక్త (స). నాటినవాడు చూసినా చూడకపోయినా, ఇష్టపడినా పడకపోయినా అది పుణ్యమే. పిట్ట కొరికిన కాయను చూసి కర్ర పట్టుకుని పరుగెత్తే మనం ఒక్క క్షణం ఆగవలసిన చోటు ఇది. తోటే జీవనాధారమైన బత్తాయి రైతు సంగతి వేరు. పంట కాపాడుకోవడం ఆయన హక్కు. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది ఇంటి వెనుక ఉన్న నాలుగు గజాల పెరడు గురించి.

పెరడు ఎటు పోయింది?

పెంకుటింట్లో పుట్టిన వారికి పిచ్చుకను పిలవాల్సిన అవసరం రాలేదు. దూలానికీ గోడకూ మధ్య సందు, పెంకు కింద ఖాళీ, దీపపు గూడు, అటక మీది పాత చాట - ఎక్కడ వీలుంటే అక్కడ గడ్డిపోచలు దూర్చి గూడు పెట్టేసేది. అమ్మ చాటలో బియ్యం చెరిగితే నూకలు దానివి. దస్తర్‌ఖాన్ దులిపితే రాలిన మెతుకులు దానివి. ఇప్పుడు ఊళ్లలోనూ స్లాబు ఇళ్లు వచ్చాయి. స్లాబుకు సందు లేదు. బియ్యం సంచుల్లో శుభ్రంగా వస్తున్నాయి, చెరిగే పని లేదు. పెరట్లో బురద అవుతోందని సిమెంటు పోశాం. మిగిలిన మూలన బాత్‌రూం కట్టాం, ఇంకా మిగిలితే స్కూటర్ నిలిపాం.

పిచ్చుకలు తగ్గడానికి సెల్ టవర్లే కారణమని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నింద టవర్ల మీద వేసి ఊరుకోవడం సులువు. గూటికి సందు లేకపోవడం, పిల్లలకు పురుగు దొరక్కపోవడం మన కళ్ల ముందున్న కారణాలు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గాని, గుడ్డు నుంచి బయటపడిన పిల్ల మొదటి రోజుల్లో గింజ అరిగించుకోలేదు. దానికి మెత్తటి పురుగులు కావాలి. పెరట్లోని నాలుగు వంగ మొక్కలకు పురుగుమందు కొట్టిన ఇంట్లో పిచ్చుక గుడ్లు పెట్టినా పిల్లలు బతికి బట్టకట్టడం కష్టం. పళ్లెం నిండా నూకలు పోసి, మరోపక్క మందు చల్లితే ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

నాసిక్‌కు చెందిన మొహమ్మద్ దిలావర్ ఈ పిచ్చుకల కోసమే పనిచేసి పేరు పొందారు. ఆయన స్థాపించిన సంస్థ చొరవతో 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. ఆ రోజు బడిపిల్లలు చెక్కపెట్టెలు తగిలిస్తారు. మంచిదే. అయితే ఆ పెట్టె కంత ఒకటింబావు అంగుళానికి మించితే గోరింకలు దూరతాయి. ఎండ నేరుగా పడే గోడకు తగిలిస్తే పిల్లలు లోపలే ఉడికిపోతాయి. ఎనిమిది పది అడుగుల ఎత్తున, చూరు నీడలో, పిల్లి ఎగబాకలేని చోట ఉండాలి. పెట్టె కొనాలనేమీ లేదు. పాత ముంతకు కంత చేసి అడ్డంగా కట్టినా చాలు. కొందరి ఇళ్లలో మొదటి ఏడాదే వస్తాయి, కొందరింట మూడేళ్లయినా రావు. రాలేదని రోజూ తీసి చూడకూడదు.

గుక్కెడు నీళ్లు

నీటి విలువ మర్రిగూడ వారికి ఒకరు చెప్పవలసింది కాదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ మండలంలో ఆ హద్దు దాటిన బోర్ల నీళ్లే తాగి తరాలకు తరాలు నడుము వంగిపోయాయి, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. ఆ బాధను తన ఒంటి మీద మోస్తూనే దాన్ని దేశం ముందు నిలబెట్టిన శివన్నగూడెం వాసి అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో తాగునీటి పథకానికి పైలాన్ ఆవిష్కరించాక, మిషన్ భగీరథ పేరుతో కృష్ణా నీళ్లు ఈ పల్లెల ఇళ్లకు చేరాయి. బిందె నీళ్ల కోసం మైళ్లు నడిచిన ఊరివారికి, ఎండాకాలం మధ్యాహ్నం నోరు తెరుచుకుని గోడ మీద కూర్చున్న కాకి బాధ వెంటనే తెలుస్తుంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఆ బాటసారి ఉదంతం అందరూ విన్నదే. దప్పికతో అల్లాడి బావిలోకి దిగి నీళ్లు తాగి పైకి వచ్చిన మనిషికి, తడి మట్టిని నాకుతున్న కుక్క కనిపించింది. తన దప్పిక లాంటిదే దాని దప్పిక అనుకుని మళ్లీ దిగాడు. చెప్పులోనే నీళ్లు నింపి, నోట కరచుకుని పైకెక్కి తాగించాడు. అల్లాహ్ ఆ పనిని మెచ్చి అతణ్ణి మన్నించాడు. పశువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని సహచరులు ఆశ్చర్యపోతే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ ఉందని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. దీనికి ఎదురుగా నిలిచేది పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, పురుగూ పుట్రా తిననివ్వక చంపిన స్త్రీ ఉదంతం. ఆమె నరకం పాలైంది. బాటసారి వాడింది ఒక చెప్పు. ఆమె చేసిందల్లా తలుపు తీయకపోవడం.

మన పెరట్లో కావలసింది ఒక మట్టి మూకుడు. లోతు రెండు అంగుళాలు చాలు. అంతకన్నా లోతుంటే చిన్న పిట్టలు దిగడానికి జంకుతాయి, పడి మునిగిపోతాయి కూడా. అంచు గరుకుగా ఉండాలి. స్టీలు పళ్లెం, ప్లాస్టిక్ డబ్బా ఎండకు కాలిపోతాయి, గోళ్లకు పట్టు దొరకదు. మధ్యలో నాలుగు గులకరాళ్లు వేస్తే తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాటి మీద వాలి తాగుతాయి. మూకుడును నీడలో, నడుమెత్తు దిమ్మె మీద పెట్టాలి. పక్కనే పొద ఉంటే పిల్లి పొంచి ఉంటుంది. మరీ ఎడారిలా ఖాళీగా ఉంటే డేగ భయానికి పిట్ట దిగదు. అందుకని రెండు మూడు గజాల దూరంలో చెట్టు కొమ్మ ఉంటే మంచిది.

రోజూ నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, మళ్లీ పోయాలి. ఇది సరదా పని కాదు, వదిలిపెట్టకుండా చేయవలసిన పని. నాలుగు రోజులు పట్టించుకోకపోతే అందులో దోమలు పిల్లలు పెడతాయి, పాచి పడుతుంది, ఒక పిట్ట జబ్బు పది పిట్టలకు అంటుకుంటుంది. ఫజ్ర్ నమాజు అయ్యాక కుటుంబంలో ఒక పిల్లవాడికో, పిల్లకో ఈ పని అప్పగించవచ్చు. ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం జుహ్ర్ వేళ మరోసారి నింపాలి. ఉపవాసం ఉన్న రోజుల్లో ఈ పని చేసిన పిల్లలకు దప్పిక అంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కర్లేదు.

నీళ్లు ఎక్కడి నుంచి తేవాలంటే, మనం పారబోసేవే చాలు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే మనిషి రెండు అరచేతులు కలిపి పట్టేంత. మనం కొళాయి విప్పి వదిలేసే నీళ్లు ఎన్ని ముద్‌లో లెక్క వేసుకోవచ్చు. వుజూ చేసే రాయిని పెరట్లో జామచెట్టు పాదు పక్కన వేసుకుంటే అయిదు పూటలా చెట్టుకు తడి అందుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు కూడా చెట్టుకే. సబ్బు నీళ్లు మాత్రం వద్దు. తాగే మూకుడులో ఇంట్లో మనం తాగే నీళ్లే పోయాలి.

ఏ చెట్టు వేయాలి?

నర్సరీకి వెళితే రంగురంగుల ఆకుల మొక్కలు అంటగడతారు. వాటికి పువ్వుండదు, కాయుండదు, పురుగు కూడా పట్టదు. పురుగు పట్టని మొక్క పిట్టకు పనికిరాదు. మన నేలకు అలవాటైనవి, తక్కువ నీటితో బతికేవి వేసుకోవాలి.

మొదట చెప్పుకోవలసింది రేగు. దివ్యఖుర్ఆన్‌లో సిద్ర్ పేరుతో ప్రస్తావించబడిన చెట్టు దీని జాతిదే. మయ్యిత్‌కు స్నానం చేయించే నీళ్లలో సిద్ర్ ఆకు కలపమని ప్రవక్త (స) తన కుమార్తె మరణించినప్పుడు చెప్పిన సంగతి ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖనలో ఉంది. అందుకే ఊళ్లలో ఎవరింట మరణం సంభవించినా రేగాకు కోసం పరుగెత్తుతాం. ఊరి చివర చెలకలు చదును చేసి ప్లాట్లు వేశాక రేగు దొరకడమే కష్టమవుతోంది. వాన లేని ఏడు కూడా తట్టుకునే చెట్టు ఇది. ముళ్ల మధ్య బుల్‌బుల్ పిట్ట గూడు పెడితే పిల్లి ముట్టుకోలేదు. పండ్లకు గోరింకలు, చిలుకలు, ఉడతలు వస్తాయి. వీలైతే ఖబరస్తాన్ ప్రహరీ పొడవునా వేయదగిన చెట్టు. ఇంట్లో అయితే ఒక మూలన, పిల్లలు ఆడే చోటుకు దూరంగా.

కరివేపాకు ప్రతి ఇంట్లో ఉండేదే. ఆకు దూసి దూసి దాన్ని పూతకు రానివ్వం. ఒక కొమ్మను వదిలేస్తే నల్లటి పండ్లు కాస్తుంది. వాటికి కోకిల వస్తుంది. నిమ్మ, కరివేప ఆకుల మీద మొదట పిట్ట రెట్టలా కనిపించి తర్వాత పచ్చగా మారే గొంగళిపురుగును చూసి భయపడి నలిపేస్తాం. అది నలుపు, పసుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పది ఆకులు తింటుంది, చెట్టు చావదు. గోరింట కంచెగా పెంచితే ఈద్‌కు ఆడపిల్లల చేతులు పండుతాయి, పూతకు తేనెటీగలు మూగుతాయి. మందారానికి తేనెపిట్ట వస్తుంది. మగపిట్ట ఎండలో నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ఆడది బట్టలారేసే తీగకు కూడా సాలెగూడు పోగులతో, ఎండుటాకులతో సంచిలాంటి గూడు వేలాడదీస్తుంది. అలాంటిది కనిపిస్తే ఆ తీగను నెల రోజులు వదిలేయాలి. షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజల మొక్క నాలుగు చోట్ల చల్లితే చాలు, పెరడంతా వాసన, ఆ వాసనకు తేనెటీగలు. సీతాఫలం ఈ గుట్టల సొంత పంట. దాన్ని పెంచడానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

చెట్టు కింద రాలిన ఆకును రోజూ ఊడ్చి కాల్చేయడం మన ఇళ్లలో శుభ్రత కింద లెక్క. వాకిలి ఊడ్వాలి, నిజమే. పెరట్లో ఒక మూల మాత్రం ఊడ్వకుండా వదిలేయమని మేము కోరుతున్నాం. ఆ ఆకుల కింద వానపాములు, పురుగులు, కప్పలు చేరతాయి. వాటి కోసం పిట్టలు వచ్చి కాళ్లతో ఆకులు తిరగేస్తాయి. కప్పను చంపవద్దని కూడా హదీసు ఉంది. ఆకుల మూల ఇంటి గుమ్మానికి దూరంగా ఉండాలి. రాళ్ల గుట్టలు, కట్టెల మోపులు గోడకు ఆనించి పెట్టకూడదు, వాటిలో పాములు చేరతాయి. గింజలు చల్లితే పిట్టలు తినగలిగినన్నే, అదీ ఉదయం పూటే చల్లాలి. రాత్రికి మిగిలితే ఎలుకలు వస్తాయి, ఎలుక వెంట పాము వస్తుంది. దస్తర్‌ఖాన్ దులిపితే ఉత్త మెతుకులు ఫరవాలేదు. ఉప్పు, మసాలా, నూనె పట్టిన బిర్యానీ మెతుకులు పిట్టకు మంచివి కావు. సజ్జలు, కొర్రలు, నూకలు మంచివి.

నిజాం రాజ్యంలో ఒక పిట్టల మనిషి

ఉపఖండంలో పక్షుల గురించి మాట్లాడితే సలీం అలీ పేరు రాక తప్పదు. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగారు. గాలి తుపాకితో ఆయన కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని అడిగిన పిల్లవాణ్ణి మేనమామ కసిరి పంపలేదు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్టను గుర్తించి, అద్దాల అల్మరాల్లోని వందల పక్షులను చూపించారు. తుపాకి పట్టిన చెయ్యి అక్కడి నుంచి కలం, దుర్భిణీ పట్టింది.

మన పాఠకుల్లో చాలామందికి తెలియని సంగతి మరొకటి. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ గుట్టల్లోని మన్ననూరు, ఫరహాబాద్‌లలో మకాం వేశారు. ఆ సర్వే ఫలితాలు 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయ్యాయి. ఈ నేల మీద ఏ పిట్టలు ఉన్నాయో శాస్త్రీయంగా రాసిపెట్టిన తొలి చేతుల్లో ఆయనది ఒకటి. 1976లో పద్మవిభూషణ్ పొందారు, 1987లో కన్నుమూశారు.

నిజాం రాజ్యానికి రాకముందు, ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న రోజుల్లో ఆయన బొంబాయికి దక్షిణాన ఉన్న కిహిం అనే సముద్రతీర గ్రామంలో గిజిగాళ్లను నెలల తరబడి గమనించారు. మన బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత మట్టలకు వేలాడే గూళ్లు చూడనివారు ఎవరు? ఆ గూడు అల్లేది మగపిట్ట. వందలకొద్దీ పచ్చి పోచలను ముక్కుతో చీల్చి తెచ్చి సగం వరకు అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల తిరిగి, పోగులు లాగి, నచ్చితే ఉంటుంది, లేకుంటే వెళ్లిపోతుంది. నచ్చిన గూటికే మగది కింద గొట్టం అల్లి పూర్తి చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టగానే మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది. సలీం అలీ ఈ వరసను 1931లో రాసి ప్రకటించేదాకా పుస్తకాల్లో ఇది సరిగ్గా లేదు. ఆయన వాడిన పరికరమల్లా ఓ నిచ్చెన, ఓపిక. మర్రిగూడ పిల్లలకు ఇదే పిట్ట ఊరి బావి మీద కనిపిస్తుంది. బడి సెలవుల్లో నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటే చాలు. కాకపోతే సాలు పక్కన ఒక్క తుమ్మ చెట్టునైనా రైతు ఉండనివ్వాలి.

గుడ్లగూబ చేసిన పాపమేమిటి?

ఇంటి మీద గుడ్లగూబ అరిస్తే చావు కబురు వస్తుందని, తీతువు కూస్తే ఊరికి కీడని మన ఇళ్లలోనూ పెద్దలు దడుచుకోవడం, పిల్లలు రాళ్లు రువ్వడం చూస్తున్నాం. అజ్ఞాన కాలపు అరబ్బుల్లోనూ ఇలాంటి నమ్మకమే ఉండేది. చంపబడిన వాని ఆత్మ గుడ్లగూబై సమాధి మీద అరుస్తుందని వారు అనుకునేవారు. పక్షిని చూసి శకునం చెప్పుకోవడం, ఆ గుడ్లగూబ నమ్మకం రెండూ ఉత్తవేనని ప్రవక్త (స) కొట్టిపారేశారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. కాబట్టి గుడ్లగూబకు రాయి విసిరే చెయ్యి కలిమాను చదివిన నోటికి వ్యతిరేకంగా పనిచేస్తున్నట్టే. చర్చిలు, పాత కోటలు, మసీదు మినార్ల సందుల్లో ఉండే ఆ తెల్లముఖం పక్షి రాత్రంతా ఎలుకలు పట్టి పొలానికి, గాదెకు కాపలా కాస్తుంది.

చీమ, తేనెటీగ, హుద్‌హుద్, సురద్ - ఈ నాలుగింటిని చంపవద్దని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖన అబూదావూద్ గ్రంథంలో ఉంది. హుద్‌హుద్ అంటే సులైమాన్ ప్రవక్త (అలై) దగ్గరకు సబా రాణి కబురు తెచ్చిన పక్షి. తల మీద విసనకర్ర లాంటి జుట్టు, పొడవాటి ముక్కుతో మన చెలకల్లో, తడి పెరట్లో నేలను పొడుచుకుంటూ తిరుగుతుంది. సురద్ కూడా మన దగ్గర ఉంది. కళ్లకు నల్లగుడ్డ కట్టుకున్నట్టుండే ఈ పిట్ట కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం చూస్తుంటుంది. పట్టినదాన్ని ముల్లుకు గుచ్చి దాచుకుంటుంది. ఈ నాలుగూ మన పెరట్లో కనిపించగలవు. పిల్లలకు వేలు పెట్టి చూపిస్తూ హదీసు చెప్పడానికి ఇంతకన్నా వీలు దొరకదు.

పంజరం

మన ఇళ్లలో మిఠ్ఠూ పంజరం ఇంకా వేలాడుతూనే ఉంది. పండితులు పంజరాన్ని పూర్తిగా కాదనలేదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు, చిన్నారి అబూ ఉమైర్ దగ్గర ఒక బుల్లిపిట్ట ఉండేది. అది చనిపోతే దిగాలుగా కూర్చున్న ఆ పిల్లవాణ్ణి ప్రవక్త (స) పిట్ట పేరుతో పలకరించి ఊరడించారు. బాధపెట్టకుండా, తిండి పెడుతూ పక్షిని ఉంచుకోవచ్చని దీని ఆధారంగా చెబుతారు. అయితే మరో సంఘటన కూడా గుర్తుంచుకోవాలి. ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలు రెండింటిని తీసుకుంటే, తల్లి వచ్చి రెక్కలు పరచి అల్లాడింది. పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరు, తిరిగి ఇచ్చేయమని ప్రవక్త (స) ఆదేశించారు. పంజరంలోకి వచ్చే ప్రతి చిలుక పిల్లనూ ఏదో చెట్టు తొర్రలోంచి, తల్లి అరుస్తుండగానే లాగి తెస్తారు. పెంచినవారు ఎంత ప్రేమగా పెంచినా ఆ మొదటి రోజు మారదు.

పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలను, మునియాలను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం నేరం. విదేశీ జాతుల లవ్‌బర్డ్స్ విషయం వేరు. ఇప్పటికే ఇంట్లో చిలుక ఉంటే, రెక్కలు కత్తిరించిన దాన్ని ఎగరేసి పుణ్యం వచ్చిందనుకోకూడదు, సాయంత్రానికి కాకుల పాలవుతుంది. అటవీశాఖ వారికి అప్పగించాలి. పెద్ద ఊళ్ల పక్షుల బజార్లలో సదకా పేరు చెప్పి పిట్టలను కొని వదిలే అలవాటు కూడా ఇలాంటిదే. మనం ఒకదాన్ని విడిపించడానికి డబ్బిస్తే, వేటగాడు రేపు పదింటిని పడతాడు. ఆ డబ్బుతో ఒక రేగు మొక్క, ఒక మూకుడు కొనవచ్చు. పిల్లల చేతిలోని గులేరు గురించి వేరే చెప్పనక్కర్లేదు, తండ్రులు తీసి పొయ్యిలో పెట్టాలి.

పావురాల గురించి ఒక మాట. మక్కా మసీదు ఆవరణలోని పావురాలను చూసి ముచ్చటపడి ఇంటి డాబా మీద సంచులకొద్దీ జొన్నలు పోసేవారున్నారు. పావురాలు గుంపులుగా చేరితే చిన్న పిట్టలు దగ్గరికి రావు. ఎండిన రెట్ట పొడి పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దలు ఉంటే మరీ జాగ్రత్త. తుర్కీలో ఉస్మానియా కాలపు కట్టడగాళ్లు మసీదు గోడలకు, ఎత్తున, మనుషులకు తగలకుండా పిచ్చుకలకూ పావురాలకూ రాతితో చిన్న చిన్న మేడలు చెక్కారు. ఇస్తాంబుల్ ఉస్కుదార్‌లోని అయాజ్మా మసీదు గోడల మీద అవి ఇప్పటికీ ఉన్నాయి. మన ఊళ్లో కొత్త మసీదు కడుతున్నప్పుడు, స్లాబు పోసే ముందే మేస్త్రీకి చెప్పి చూరు కింద నాలుగు కంతలు వదిలించడానికి పైసా ఖర్చు లేదు.

అన్నీ సమకూరిన పెరట్లో ఏం జరుగుతుందంటే, పెద్దగా ఏమీ జరగదు. ఫజ్ర్ చదివి వచ్చి మంచం వాల్చుకుని టీ తాగుతుంటే బుల్‌బుల్ ఒకటి మూకుడులో దిగి స్నానం చేసి పోతుంది. జామ మీద ఉడత తోకెగరేసి అరుస్తుంది. ఎగిరే పక్షులు రెక్కలు చాచి దైవాన్ని స్తుతిస్తున్నాయనీ, ప్రతిదానికీ దాని నమాజు దానికి తెలుసుననీ దివ్యఖుర్ఆన్ (24:41) తెలుపుతోంది. తస్బీహ్ పట్టుకుని కూర్చున్న ముసలాయనకు, పంటి నొప్పితో నిద్రలేని ఆవిడకు, పరీక్షలకు చదివే పిల్లకు ఆ పావుగంట మంచి విశ్రాంతి. ఫోను ఇంట్లో వదిలేసి రావాలి.

రేగు గింజ నాటేవారు పైపెంకును మెల్లగా పగులగొట్టి, లోపలి పప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మృగశిర కార్తె వానలకు వేస్తే త్వరగా మొలుస్తుంది. మూకుడుకు మాత్రం వాన కోసం ఆగనక్కర్లేదు.